దర్శకత్వం ఎవరిదని ఎవరూ అడగని నాటకాలు

సురభి నాటకం చూసి బయటికొచ్చే జనం ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడైనా చెవి ఒగ్గి విన్నారా? ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎలా ఎగిరొచ్చాయి? నారదుడు మబ్బుల్లోంచి దిగుతుంటే తీగ కనపడలేదేంటి? రెండు బాణాలు గాల్లో గుద్దుకుని నిప్పులు ఎలా రాలాయి? ఆటో దొరికేదాకా ఇవే కబుర్లు. "ఇంతకీ దర్శకత్వం ఎవరిది?" అని అడిగిన మనిషి మాత్రం ఇన్నేళ్ళలో నాకు ఒక్కరూ తగల్లేదు.

ఆ ప్రశ్నకు జవాబు, నేను చూసిన హైదరాబాద్ ఆటల వరకు, రేకందార్ నాగేశ్వరరావు గారు. ఈ పేరు చెబితే చాలామంది తెల్లమొహం వేస్తారు. సురభి బాబ్జీ అంటే "ఓ, ఆయనా!" అంటారు. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి (సురభి)కి ఆయనే పెద్ద, ఆయనే దర్శకుడు, ఆయనే నటుడు. పద్మశ్రీ కూడా వచ్చింది. అయినా మన పత్రికల్లో నాటక దర్శకుల గురించి రాసేటప్పుడు ఆయన పేరు ఎందుకో ఆ వరుసలో కనపడదు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న గుర్రు. ఆయన గురించి రాయాలంటే ముందు మా బాబాయి గురించి, తెనాలి గురించి చెప్పాలి.

మాది తెనాలి దగ్గర పల్లె. మా చిన్నతనంలో, అంటే 1970ల చివర్లో, మా వైపు నాటకం అంటే పద్యనాటకమే. శ్రీరామనవమికో, గంగానమ్మ జాతరకో పందిరి వేసి కురుక్షేత్రం పెట్టించేవాళ్ళు. దాన్ని కాంట్రాక్టు నాటకం అనేవారు. కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి నుంచి దుర్యోధనుణ్ణి, వేరే చోట నుంచి హార్మోనిస్టును మాట్లాడుకొచ్చేవాడు. ఒక రాత్రికి ఒక్క కృష్ణుడు సరిపోడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉంటారు. పడక సీనుకు ఒకాయన, రాయబారానికి ఒకాయన. కృష్ణుడి వేషానికి పేరుమోసిన పీసపాటి వారు, షణ్ముఖి వారు రాయబారం ఆడుతున్నారంటే బండ్లు కట్టుకుని వెళ్ళిన రోజులు మా పెద్దవాళ్ళకు తెలుసు. ఆ పద్యాల రుచి వేరు, కాదనను. ఇప్పటికీ తెల్లవారుజామున మెలకువొస్తే నా చెవిలో మోగేది ఆ హార్మోనియమే.

కానీ ఆ నాటకాల్లో దర్శకుడనే మనిషి ఉండడు. రిహార్సలు ఉండదు. వేషం కట్టుకుని, అవతలివాడి మొహం అప్పుడే చూసి, స్టేజీ ఎక్కేవాళ్ళు. మధ్యలో జనం వన్స్ మోర్ అంటే చచ్చినట్టు మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. అర్జునుడు ఒక మూల నిలబడి, కృష్ణుడి రాగం ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తూ, బీడీ కోసం లోపలికెళ్ళి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

మా బాబాయికి నాటకాల పిచ్చి. హార్మోనియం కాస్త వాయించేవాడు. ఊళ్ళో వాళ్ళు అడిగితే రాత్రంతా కూర్చునేవాడు. అలాంటి మనిషి తెనాలిలో సురభి వాళ్ళు టెంటు వేశారని తెలిసి, నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. అది బాబ్జీ గారి సమాజం (నాటక బృందాన్ని వాళ్ళు సమాజం అంటారు) కాదు, మరో సురభి సమాజం. అప్పట్లో చాలా ఉండేవి. ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలు ఆంధ్రదేశమంతా తిరిగేవంటారు.

నేల, బెంచీ, కుర్చీ అని టికెట్లు. మేం బెంచీ. ఆట మొదలైన కాసేపటికే బాబాయి నా చెవిలో అన్నమాట నాకింకా గుర్తుంది. "ఒరేయ్, చూశావా? వీళ్ళు పద్యం సాగదీయరు. కథ ఆగదు." పద్యాల మనిషి నోట ఆ మాట రావడం మామూలు సంగతి కాదు. ఇంటికొచ్చాక కూడా పిన్నితో అదే చెప్పాడు. లోపల ఎవడో ఒకడున్నాడే, వాడు గడియారం పట్టుకుని కూర్చున్నాడే, అన్నాడు. దర్శకుడు అన్న మాట ఆయన వాడలేదు గానీ చెప్పింది దర్శకుడి గురించే.

మర్నాడు పగలు మళ్ళీ అటు వెళ్ళాం. టెంటు వెనక గుడారాలు, పాకలు. రాత్రి ద్రౌపది అయిన ఆవిడ బియ్యం కడుగుతోంది. భీముడు చిరిగిన తెర కుడుతున్నాడు. టికెట్లు చింపినాయన నిచ్చెనెక్కి కరెంటు తీగలు సరిచేస్తున్నాడు. చంటిపిల్లలు రాజు కిరీటంతో ఆడుకుంటున్నారు. సురభిలో జీతానికి వచ్చే నటుడంటూ ఉండడు. అందరూ ఒకే ఇంటి కొమ్మలు. బాబాయిలు, మేనత్తలు, బావలు, కోడళ్ళు. ఒక ఇంట్లో బిడ్డ పుడితే నెలలు గడవకుండానే కుశలవుల్లో ఒకడిగానో, చిన్నికృష్ణుడిగానో స్టేజీ ఎక్కేస్తుంది. సురభి కమలాబాయి గారైతే నాటకం ఆడుతుండగా స్టేజీ మీదే పుట్టారని వాళ్ళు చెప్పుకుంటారు. ఆవిడే తర్వాత 1932లో వచ్చిన మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి.

చరిత్ర చాలామందికి తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వాళ్ళ పూర్వీకులు తోలుబొమ్మలాట ఆడించేవాళ్ళు. మూలం మరాఠీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు గారి కుటుంబం బొమ్మలు పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి కీచకవధ ఆడింది. ఆ ఊరి పేరే సమాజం పేరయింది. మిగతా తెలుగునాట మగవాళ్ళే చీరలు కట్టుకుని ఆడవేషాలు వేస్తున్న రోజుల్లో సురభిలో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. అంతేకాదు, మీసం పెట్టుకుని మగవేషాలూ కట్టారు. మా నాయనమ్మ మాత్రం చివరిదాకా "కృష్ణుడు ఆడమనిషట, ఏం చోద్యమే" అని ముక్కున వేలేసుకుంటూనే, ఆట ఒక్కటీ తప్పకుండా చూసింది.

ఆ పెద్ద చెట్టు కొమ్మల్లో ఒకటి శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. దాన్ని 1937లో ఉత్తరాంధ్రలోని జిమిడిపేటలో రేకందార్ చిన వెంకటరావు గారు పెట్టారు. ఆయన కొడుకే బాబ్జీ. పసివాడిగా స్టేజీ ఎక్కి, పిల్లవేషాల నుంచి పెద్దవేషాల దాకా వచ్చి, తర్వాత సమాజం బాధ్యత ఎత్తుకున్నారు.

ఆయన చేతికి వచ్చిన కాలం చూడండి. ఊరూరా సినిమా హాళ్ళు వెలిశాయి. ఆ వెనకే ఇంటింటికీ టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున రామాయణం, తర్వాత మహాభారతం ఇంట్లోనే కూర్చుని ఉచితంగా చూసే రోజులు. టికెట్ కొని టెంటులో రాముణ్ణి చూడ్డానికి ఎవరొస్తారు? సురభి సమాజాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆ పరిస్థితిలో యాభై అరవై మందిని, పసిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా, నాటకం అన్నదాని మీదే బతికించడం అంటే మాటలు కాదు. ఊరూరా తిరిగే టెంటును కాదనుకుని, హైదరాబాద్‌లో నిలదొక్కుకునే పని ఆయన హయాంలో జరిగింది. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ వచ్చింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం వాళ్ళకు దాదాపు సొంతిల్లు అయింది.

నేను మళ్ళీ సురభిని చూసింది అక్కడే. 1990ల మొదట్లో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాను. ఆదివారం సాయంత్రం ఏం చేయాలో తోచక పబ్లిక్ గార్డెన్స్‌లో తిరుగుతుంటే మైకులో హార్మోనియం వినపడింది. ఇంకేముంది, కాళ్ళు అటే లాక్కెళ్ళాయి. తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఎంతమంది చుట్టాలు ఊరి నుంచి దిగినా వాళ్ళకు చార్మినార్, సాలార్‌జంగ్, సురభి నాటకం, ఇదీ మా ఇంటి ప్యాకేజీ. మాయాబజార్, పాతాళభైరవి, బాలనాగమ్మ, శ్రీకృష్ణ లీలలు, వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర, లవకుశ. ఒక్కొక్కటి ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు.

అన్నిసార్లు చూస్తే ఒక లాభముంది. ఘటోత్కచుడి లడ్డూల మీద ధ్యాస తగ్గి, ఆ పక్కన జరిగేది కనపడడం మొదలవుతుంది.

నాకు మొదట కనపడింది తెరలు. అంతఃపురం, అడవి, రాజవీధి, దర్బారు. చేత్తో రంగులేసిన తెరలు ఒకదాని వెనక ఒకటి వేలాడుతుంటాయి. ముందు తెర మీద ఇద్దరు చెలికత్తెలు సరసమాడుతుంటారు. జనం నవ్వుతుంటారు. ఆ నవ్వుల చాటున వెనక సింహాసనాలు సర్దేస్తుంటారు. చెలికత్తెల ఆఖరి మాట, తెర లేవడం, దర్బారులో దీపాలు వెలగడం, మూడూ ఒక్క ఊపిరిలో అయిపోతాయి. ఆ హాస్యం సీను ఎంతసేపు ఉండాలో వెనక పని ఎంతసేపు పడుతుందో చూసి కట్టింది. చూసేవాడికి అది పిట్టకథ. దర్శకుడికి అది సింహాసనం మోసే టైము.

ఇక ట్రిక్ సీన్లు. నారదుడు దిగాలంటే పైన కప్పీ తిప్పేవాడు ఒకడు, తాడు వదిలేవాడు ఒకడు, పొగ పెట్టేవాడు ఒకడు, దీపం రంగు మార్చేవాడు ఒకడు, హార్మోనియం ముందు కూర్చున్నాయన ఇంకొకడు. వీళ్ళలో ఎవడు ఒక్క క్షణం అటూ ఇటూ అయినా జనం ఘొల్లుమంటారు. పైగా వేలాడుతున్నవాడు నారదుడు. మొహంలో టెన్షన్ కనపడకూడదు, చిరునవ్వు చెరగకూడదు, చిడతలు తాళం తప్పకూడదు. తాడు పట్టుకున్నవాడు పది నిమిషాల క్రితం స్టేజీ మీద సాత్యకి అయ్యుంటాడు, ఇంకో పది నిమిషాల్లో మళ్ళీ సైనికుడై రావాలి. కాగితం మీద గీస్తే రైల్వే టైంటేబుల్ కన్నా చిక్కుగా ఉంటుంది ఈ వ్యవహారం. వాళ్ళకు మాత్రం అంతా ఒంట్లో ఉంటుంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. అలా వచ్చినదాన్ని మొద్దుబారకుండా చూసుకోవడమే బాబ్జీ గారి దర్శకత్వంలో సగం పని. రోజూ ఆడే ఆట రోజూ కాస్త సడలుతుంది. రోజూ ఎవరో ఒకరు బిగించాలి.

చదువుకున్న నాటకరంగం వాళ్ళు దీన్ని దర్శకత్వమని ఒప్పుకోరు. "అది కేవలం ప్రదర్శన, పాత మూస, వ్యాఖ్యానం ఏదీ?" అంటారు. నాకు ఆ వాదన నచ్చదు. యాభై మంది చుట్టాలను ఒక మాట మీద నడిపించి, పొద్దున కోపం తెచ్చుకున్న తమ్ముణ్ణి సాయంత్రానికి హనుమంతుణ్ణి చేసి గాల్లో ఎగరేయించడం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? పెళ్ళిలో పప్పు సరిపోలేదని అలిగే చుట్టాలను చూసినవాళ్ళకు ఆ కష్టం తెలుస్తుంది.

అలాగని బాబ్జీ గారు పాతదాన్నే పట్టుకుని కూర్చున్నారా అంటే, అదీ కాదు. అక్కడికే వస్తున్నాను.

1990ల్లో బి.వి. కారంత్ సురభి వాళ్ళతో పనిచేశారు. కారంత్ అంటే అప్పటికే దేశం మొత్తం మీద పేరున్న కన్నడ దర్శకుడు. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు 1977 నుంచి 1981 దాకా డైరెక్టరు. ఆ తర్వాత భోపాల్ భారత్ భవన్‌లో రంగమండల్, మైసూరులో రంగాయణ అనే నాటక సంస్థలు నడిపారు. మాక్బెత్‌ను యక్షగానంలోకి దింపిన మనిషి. ఆయన తీసిన చోమన దుడి సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది. అంతటివాడు వచ్చి, లడ్డూలు ఎగరేసే ఈ కుటుంబంతో ఏం చేస్తాడని చాలామందికి అనుమానం. నాకూ, బాబాయికీ కూడా.

కానీ కారంత్ జీవితం గురించి చదివినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఆయన చిన్నతనంలో ఇల్లు వదిలి చేరింది గుబ్బి వీరణ్ణ గారి కన్నడ నాటక కంపెనీలో. అదీ సురభి లాంటిదే. రంగుల తెరలు, హంగులు, ఊరూరా డేరాలు. ఆయన్ని కాశీకి పంపి చదివించింది కూడా వీరణ్ణ గారే. అంటే ఆయన సురభికి వచ్చింది పాఠం చెప్పడానికి వచ్చిన ప్రొఫెసరులా కాదు, పుట్టింటికి వచ్చినట్టు. అందుకే ఆ జోడీ కుదిరిందని నా నమ్మకం.

అలా వచ్చినవి మూడు నాటకాలు. భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన కథకు తెలుగు రూపం. లోకంలో ఒక్క మంచి మనిషైనా ఉన్నాడా అని దేవతలు వెతుక్కుంటూ రావడం, వాళ్ళకు చివరికి ఒక వేశ్య ఇంట్లోనే చోటు దొరకడం ఆ కథ. నాకు ఇందులో ఒక తమాషా కనపడుతుంది. దేవతల్ని దింపడంలో సురభి వాళ్ళను మించినవాళ్ళు లేరు కదా. వందేళ్ళుగా దీపాలూ పొగలూ పెట్టి దింపుతున్నారు. బ్రెహ్ట్ దేవతలు మాత్రం కాళ్ళరిగేలా నడిచి, ఎవరింట్లోనూ చోటు దొరక్క తిప్పలు పడే దేవతలు. పురాణాలూ జానపద కథలూ ఆడుతూ వచ్చిన కుటుంబం అలాంటి నాటకానికి ఒప్పుకుని, వేషం కట్టడం చిన్న విషయం కాదు.

భీష్మ నేను చూశాను. బాబాయి ఆ వారం మా ఇంట్లోనే ఉన్నాడు, కంటి ఆపరేషన్‌కు వచ్చి. వద్దంటున్నా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బయల్దేరాడు. అవే మొహాలు, అవే గొంతులు. కానీ మాట పలకడం వేరు, నిలబడడం వేరు. మామూలుగా తెరల ముందు పాటకు ఊగే నటులు ఇక్కడ నిదానంగా, బరువుగా ఉన్నారు. ఇంటర్వెల్లో బాబాయి ఏమీ మాట్లాడలేదు. అయిపోయాక బస్టాపు దగ్గర నోరు విప్పాడు.

"బాగుందిరా. కానీ ఒక్క నారదుడన్నా దిగలేదేం?"

"ఇది వేరే రకం నాటకం బాబాయ్."

"వేరే రకమే. నేను చూళ్ళేదా? వీళ్ళకు ఇదీ వచ్చన్నమాట. మరి ఇన్నాళ్ళూ మనకు చూపించలేదే!"

ఆయన గొంతులో ఉన్నది మెచ్చుకోలో ఫిర్యాదో నాకర్థం కాలేదు. ఆ తర్వాత ఎవరు సురభి మాట ఎత్తినా "వాళ్ళు లడ్డూల వాళ్ళే కాదు" అని ఆయనే వాదనకు దిగేవాడు.

ఆ నాటకాల ఘనత కారంత్‌ది అని అందరూ రాశారు. రాయాల్సిందే. కానీ నన్నడిగితే సగం బాబ్జీ గారిది. ఆలోచించండి. ఒక ఇంటిపెద్ద, తన మాటే వేదంగా నడిచే సమాజంలో, బయటి నుంచి వచ్చిన ఇంకో దర్శకుడికి పిల్లల్నీ పెద్దల్నీ అప్పగించి, చెప్పినట్టు చెయ్యమనడం! మన దగ్గర చిన్న నాటక పోటీలో కూడా ఒక దర్శకుడు పక్క దర్శకుడి మాట పడనివ్వడు. ఈయన తలుపు తీసి ఆహ్వానించారు. కారంత్ నుంచి తీసుకోవాల్సింది తీసుకున్నారు. మళ్ళీ వచ్చే వారం మాయాబజార్ ఆడారు. ఎందుకంటే పొయ్యి మీదికి బియ్యం వచ్చేది మాయాబజార్ నుంచే. కొత్త నాటకం మోజులో పాత ఆటను తక్కువ చేసి మాట్లాడడం కూడా నేనెక్కడా వినలేదు.

కారంత్ 2002లో పోయారు.

సురభికి గుర్తింపు ఆలస్యంగా వచ్చినా, వచ్చింది. బాబ్జీ గారికి సంగీత నాటక అకాడమీ అవార్డు, 2013లో పద్మశ్రీ. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో జరిగిన నాటకోత్సవానికి సమాజం మొత్తం వెళ్ళింది. ఆ వార్త చదివినప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన తెరల గురించి. ఆ చుట్టచుట్టిన రంగు తెరలన్నీ, కప్పీలూ తాళ్ళతో సహా, విమానంలో ఎలా పట్టుకెళ్ళారా అని. తెలుగు ఒక్క ముక్క రాని జనం ఘటోత్కచుడికి చప్పట్లు కొట్టారంటే నాకు ఆశ్చర్యం లేదు. మా ఆవిడ పిన్ని కొడుకు, పుణేలో పుట్టి పెరిగినవాడు, పద్యం ఒక్కటీ అర్థం కాకుండానే బాలనాగమ్మ రెండుసార్లు చూశాడు.

పద్మశ్రీ వచ్చాక కొన్నాళ్ళు టికెట్లు బాగా తెగాయి. స్కూళ్ళ వాళ్ళు బస్సులేసుకుని వచ్చారు. తర్వాత మళ్ళీ మామూలే. ఖాళీ కుర్చీలు చూసి మనసు చివుక్కుమన్న సాయంత్రాలు నాకు గుర్తున్నాయి. హాలు సగం నిండినా తెర మాత్రం సరిగ్గా టైముకే లేచేది. సగం జనం కదా అని సీను కత్తిరించడం, ట్రిక్కు ఎగ్గొట్టడం నేను చూళ్ళేదు. టెంటు రోజుల్లో ఇంట్లో చావు జరిగినా ఆ రాత్రి ఆట ఆపేవాళ్ళు కాదని సురభి గురించి చెప్పుకునే మాట నిజమేననిపించేది.

ఆపింది కరోనా ఒక్కటే. 2020లో హాళ్ళన్నీ మూసేసినప్పుడు, ఆట ఆడితేనే పూట గడిచే కుటుంబాలు ఎలా నెట్టుకొచ్చాయో వాళ్ళకే తెలియాలి. 2022 జూన్ 9న బాబ్జీ గారు పోయారు. టీవీలో రెండు నిమిషాలు చూపించారు. అందులో ఒక నిమిషం మళ్ళీ ఆ లడ్డూలే.

ఆయన తర్వాతి తరం ఆటలు ఆడుతూనే ఉంది. మొన్న ఒక ఆదివారం నేనూ మా ఆవిడా వెళ్ళాం. ముందు వరసలో ఒక కుర్రాడు సెల్‌ఫోన్ పైకెత్తి, తీగ ఎక్కడుందో జూమ్ చేసి మరీ వెతుకుతున్నాడు. దొరకలేదనుకుంటా, పక్కవాడికి ఫోనిచ్చి నువ్వు చూడరా అన్నాడు. నేను మాత్రం ఈసారి నారదుణ్ణి చూడలేదు. చెలికత్తెల సీను మొదలైనప్పటి నుంచి దర్బారు తెర లేచేదాకా వాచీ చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "ఇంత దూరం వచ్చింది వాచీ చూసుకోడానికా?" అంది.